ముందు ఆ క్యాసెట్ ట్యాబులు విరవండి: లైబ్రరీలో ఆడియో బీరువాని దారికి తెచ్చే పద్ధతి

పాత లైబ్రరీల్లో పేపర్ల గది వెనకో మెట్ల కిందో ఒక స్టీలు బీరువా ఉంటుంది. తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగితే ఒకరు ఇంకొకరి పేరు చెబుతారు. ఎలాగో తెరిస్తే గుప్పుమని కలరా ఉండల వాసన, దాని వెనకే క్యాసెట్లు, కంప్యూటర్ పుస్తకాల అట్టల్లోంచి ఊడిన సీడీలు, ఎప్పుడో ఎవరో దాత ఇచ్చిన నాలుగు గ్రామఫోను ప్లేట్లు, వైరు తెగిన టేప్‌రికార్డరు. మా ఊరి లైబ్రరీలో ఆ బీరువాలోని గొంతుల్ని కంప్యూటర్లోకి ఎక్కించే పని నేను రెండేళ్లు చేశాను. ఉద్యోగంగా కాదు. శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజు లోపల అలికిడి ఉండదని లైబ్రేరియన్ గారు తాళాలు నా చేతిలో పెట్టేవారు, అంతే. ఇక్కడ రాసేదాంట్లో సగం నేను తప్పు చేసి నేర్చుకున్నదే.

అందులో మొదటి తప్పు చెప్పేస్తాను, ఎందుకంటే మీరు చెయ్యాల్సిన మొదటి పని దాన్నుంచే వచ్చింది. క్యాసెట్ పైఅంచున రెండు మూలల్లో రెండు చిన్న ప్లాస్టిక్ ట్యాబులుంటాయి కదా, అవి ఉన్నంతసేపూ ఆ క్యాసెట్ మీద మళ్లీ రికార్డ్ చెయ్యొచ్చు. నేను రెండో వారంలో ప్లే నొక్కబోయి పక్కనున్న రికార్డ్ మీట కూడా కలిపి నొక్కేశాను. తెలుసుకునేసరికి మూడు నిమిషాలు పోయాయి. ఎప్పుడో మా ఊరి సభలో ఒక తెలుగు మాస్టారు మాట్లాడిన ఉపన్యాసం మొదలు అది. ఇప్పుడు దాని స్థానంలో మా ఫ్యాను శబ్దం ఉంది. కాబట్టి డెక్కులో, అంటే క్యాసెట్ ప్లేయరులో, పెట్టకముందే, ఒక్కటి కూడా వదలకుండా, రెండు ట్యాబులూ చిన్న స్క్రూడ్రైవరుతో విరిచెయ్యండి. విరిగిన చోట ఎవరైనా సెల్లో టేపు అంటించి ఉంటే అది కూడా పీకెయ్యండి. పూర్వం అలా టేపు అంటించి మళ్లీ మళ్లీ రికార్డ్ చేసుకునేవాళ్లం, గుర్తుందిగా.

ఏది ముందు

చాలామంది బీరువా తెరవగానే పై అర నుంచి వరసగా మొదలెడతారు. అలా మొదలెడితే మూడు నెలలు సినిమా పాటలు ఎక్కించుకుంటూ కూర్చుంటారు, ఈలోగా వానాకాలం వచ్చి కింద అరకి బూజు పట్టేస్తుంది. క్యాసెట్‌కి అడ్డదారి లేదు. గంట క్యాసెట్ ఎక్కించాలంటే గంట పడుతుంది. మూడొందల క్యాసెట్లు ఉన్నాయనుకోండి, రోజుకి నాలుగు చొప్పున 75 రోజులు, అదీ రోజూ కూర్చునేవాళ్లుంటే. మాలాగా వారానికి ఒక్కరోజైతే ఏడాదిన్నర. అంచేత వరస ముఖ్యం.

నా లెక్క ఇది: మన దగ్గర తప్ప లోకంలో ఇంకెక్కడా లేనిది ముందు. కంపెనీ అచ్చేసిన భక్తి పాటలు, సినిమా పాటలు వేల కాపీలు వచ్చాయి, మీ కాపీ పోయినా ఇంకెవరి ఇంట్లోనో ఉంటుంది. అదే మీ లైబ్రరీ హాల్లో జరిగిన అవధానం, గ్రంథాలయ వారోత్సవాల్లో చెప్పిన హరికథ, ఊరి బుర్రకథ దళం, స్వాతంత్ర్య సమరయోధుడొకాయన స్కూలు పిల్లలకి చెప్పిన కబుర్లు, ఇవి ఖాళీ క్యాసెట్ల మీద చేత్తో పేరు రాసి ఉంటాయి, చూడ్డానికి దిక్కుమాలినట్టుంటాయి, అన్నిటికన్నా ముందు చెత్తలోకి పోయేవీ అవే. వాటిని మొదటి కుప్ప చెయ్యండి.

అట్ట మీది పేరుని మాత్రం నమ్మకండి. మాకు దొరికిన ఒక అన్నమయ్య కీర్తనల క్యాసెట్‌లో ఎ వైపు కీర్తనలే ఉన్నాయి. బి వైపు రెండు కీర్తనలయ్యాక టక్‌మని ఒక చప్పుడు, తర్వాత మైకు కూత, ఎవరో "వెనకాల వాళ్లకి వినపడుతోందా అండీ" అని అడగడం, అక్కణ్ణించి ఇరవై నిమిషాల పైన కవిసమ్మేళనం. ఖాళీ క్యాసెట్ దొరక్క, చేతికందిన దాని మీద చేసేశారన్నమాట. అట్ట చూసి రెండో కుప్పలో పడేసిన క్యాసెట్ అది. కంపెనీ క్యాసెట్లకి మామూలుగా ట్యాబులుండవు. అందుకే ట్యాబులు విరిచేటప్పుడే, ట్యాబులున్న కంపెనీ క్యాసెట్, ట్యాబు చోట టేపు అంటించిన కంపెనీ క్యాసెట్ కనిపిస్తే అనుమానించి పక్కన పెట్టుకుని, తర్వాత రెండు వైపులా మూడు నాలుగు చోట్ల విని చూడండి.

మొదటి కుప్పతో పాటు ఇంకొకటి కూడా అత్యవసరమే, చాలామందికి తట్టదు: సీడీలు. ఫ్యాక్టరీలో అచ్చయిన సీడీ వెనక వెండిలా మెరుస్తుంది, అది చాలాకాలం ఉంటుంది. మనం కంప్యూటర్లో రైట్ చేయించుకున్న సీడీ వెనకవైపు నీలం, ఆకుపచ్చ ఛాయ కనిపిస్తుంది. అందులో డేటా ఉండేది ఒక రంగు పొర మీద, ఆ రంగు వేడికీ వెలుతురుకీ వెలిసిపోతుంది. ఒకప్పుడు "ఆధునికీకరణ" పేరుతో క్యాసెట్లని అలాంటి సీడీల్లోకి ఎక్కించి, అసలు క్యాసెట్లు పారేసిన చోట్లు ఉన్నాయి. అలాంటి సీడీలు మీ దగ్గరుంటే ఈ వారమే కంప్యూటర్లోకి కాపీ చెయ్యండి, అదృష్టం బాగుంటే ఒక్కోటి పది నిమిషాల పని. కొత్త ల్యాప్‌టాప్‌లకి సీడీ పెట్టే చోటే ఉండట్లేదు కాబట్టి యూఎస్‌బీ సీడీ డ్రైవు ఒకటి దొరుకుతుండగానే కొనిపెట్టుకోండి. కంప్యూటర్ పుస్తకాలతో వచ్చిన పాత సాఫ్ట్‌వేర్ సీడీల జోలికి మాత్రం పోకండి, వాటికి పట్టే టైము దండగ.

క్యాసెట్‌ని డెక్కులో పెట్టేముందు

వెలుతురులో పట్టుకుని క్యాసెట్ మధ్యనున్న చిన్న కిటికీలోంచి టేపు చుట్టని చూడండి. చుట్ట అంచున తెల్లగా పొడిలాగా కనిపిస్తే అది బూజు. ఆ క్యాసెట్‌ని జిప్ కవర్లో పెట్టి విడిగా ఉంచండి, పొరపాటున కూడా ప్లే చెయ్యకండి, ఎందుకంటే ఆ పొడి డెక్కులో టేపుని చదివే హెడ్డుకీ రబ్బరు రోలరుకీ అంటుకుని తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్‌లోకీ వెళ్తుంది. వాటిని చివర్లో, మాస్క్ పెట్టుకుని, ఆరుబయట శుభ్రం చేసుకోవాలి, దానికోసం ఒక పాత డెక్కుని బలిపెట్టాలి.

బాగున్నవాటిని తిరగేసి కింద మధ్యలో చూస్తే రాగి రంగు స్ప్రింగు రేకు మీద చిన్న ఉన్ని ముక్క ఉంటుంది. టేపుని హెడ్డుకి అదిమిపట్టేది అదే. జిగురు ఎండిపోయి అది రాలిపోయి ఉంటే గొంతు దూరంగా, మసకగా, వచ్చీపోతూ వినిపిస్తుంది. చాలామంది టేపు పాడైపోయింది అనుకుని పక్కన పడేసేది ఇలాంటివే. నిజానికి టేపుకి ఏమీ కాలేదు. అయిదు స్క్రూలున్న క్యాసెట్ ఒకటి తీసుకుని, దాని పెంకులోకి ఈ టేపు చుట్టలు రెండూ మార్చేస్తే పావుగంటలో మళ్లీ మాట్లాడుతుంది. మార్చేటప్పుడు కింద తెల్లకాగితం పరుచుకోండి, ఆ బుల్లి గైడు చక్రాలు రెండూ దొర్లిపోతే బీరువా కిందే దొరుకుతాయి.

ఏళ్లతరబడి కదలని టేపు పొరలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి కాబట్టి ఒకసారి చివరిదాకా ముందుకి, మళ్లీ మొదటికి తిప్పాకే ప్లే చెయ్యాలి. తొంభై నిమిషాల సి-90 టేపు గంట నడిచే సి-60 కన్నా పల్చన, డెక్కు దాన్ని నమిలేసే అవకాశం ఎక్కువ. దానికి మోటారు కన్నా పెన్సిలు నయం. ఆరుపలకల పెన్సిలు దూర్చి తిప్పడం ఈ తరం పిల్లలకి చూపిస్తే వింతగా చూస్తారు గానీ, చేతికి తగిలే బిగుతుని బట్టి టేపు ఎక్కడ అతుక్కుందో తెలిసిపోతుంది, మోటారుకి ఆ తెలివి లేదు.

డెక్కు విషయానికొస్తే, ఆన్‌లైన్లో దొరికే చవక ప్లాస్టిక్ యూఎస్‌బీ క్యాసెట్ ప్లేయర్లు వద్దు. వాటి మోటారు స్పీడు నిలకడగా ఉండదు, గొంతు సాగుతూ ఉంటుంది, ఒకసారి అలా ఎక్కించాక సరిచెయ్యడం నరకం. పాత రిపేరు షాపులో మంచి కంపెనీ డెక్కు దొరికితే బెల్టు మార్పించుకుని వాడండి. ప్రతి అయిదారు క్యాసెట్లకోసారి హెడ్డుని ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచిన దూదిపుల్లతో తుడవాలి. పుల్లకి గోధుమరంగు అంటుతూనే ఉంటుంది, అంటడం ఆగేదాకా తుడవండి.

హెడ్డు పక్కన ఒక చిన్న స్క్రూ ఉంటుంది. హెడ్డు టేపుకి ఎంత నిటారుగా ఉందో సరిచేసేది అది. ఒక్కో క్యాసెట్ ఒక్కో మిషను మీద రికార్డయింది కాబట్టి కోణంలో వెంట్రుకవాసి తేడా ఉంటుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ స్క్రూని కొద్దికొద్దిగా తిప్పుతుంటే ఒకచోట ఉన్నట్టుండి 'స'లూ 'శ'లూ స్పష్టంగా విచ్చుకుంటాయి. అక్కడ ఆపాలి. ఏ సాఫ్ట్‌వేరుతోనూ తర్వాత తెచ్చుకోలేని స్పష్టత అది.

గ్రామఫోను ప్లేట్ల గురించి ఒక్కటే మాట. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత నల్ల ప్లేట్లు లక్కతో చేసినవి, వాటిని ఆల్కహాలుతో తుడిస్తే లక్క కరిగి పాట పోతుంది. తర్వాత వచ్చిన ఎల్పీ రికార్డుల సూదితో వాటిని ప్లే చెయ్యకూడదు, వాటి గాడి వెడల్పు, వాటి సూది వేరు. సరైన మిషను లేకపోతే ముట్టుకోకుండా, పడుకోబెట్టకుండా, నిలబెట్టి ఉంచండి. అనుభవమున్నవాళ్లు దొరికేదాకా ఆగినా నష్టం లేదు.

ఎక్కించడం

డెక్కు వెనక లైన్ అవుట్ అని రాసి ఉన్న ఎరుపు, తెలుపు రంధ్రాల్లోంచి వైరు తీసి, యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ అనే చిన్న డబ్బా ద్వారా కంప్యూటర్‌కి కలపండి. హెడ్‌ఫోన్ రంధ్రంలోంచి తీసి ల్యాప్‌టాప్ మైకు రంధ్రంలో పెడితే పనైపోయినట్టే ఉంటుంది గానీ ధ్వని పగిలిపోతుంది. సాఫ్ట్‌వేరుకి డబ్బులక్కర్లేదు, ఆడాసిటీ ఉచితం, సరిపోతుంది.

రికార్డింగు నాణ్యత ఎంత పెట్టుకోవాలంటే, ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం ఐఏఎస్‌ఏ చెప్పేది తక్కువలో తక్కువ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. ఉపన్యాసాల క్యాసెట్లకి మేం అదే పెట్టుకున్నాం. వేవ్ ఫైలుగా సేవ్ చేస్తే స్టీరియో గంటకి ఒక జీబీ పైచిలుకు అవుతుంది. మూడొందల గంటలు ఒక టెరాబైటు హార్డ్ డిస్కులో మూడోవంతు కూడా నిండవు. కాబట్టి జాగా ఆదా చేద్దామని నేరుగా ఎంపీ3లోకి ఎక్కించకండి. లెవెలు మీటరులో బాగా గట్టిగా అరిచిన చోట కూడా మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర ఆగేలా చూసుకోండి, సభల్లో చప్పట్లు ఒక్కసారిగా పైకి లేస్తాయి.

ఇంకొకటి, హిస్ అనే టేపు బుసని తీసేద్దాం, కుర్చీల చప్పుడు తీసేద్దాం అని చెయ్యి దురద పెడుతుంది. అసలు ఫైలుని ముట్టుకోకండి. అది క్యాసెట్ ఎలా ఉందో అలాగే ఉండాలి. శుభ్రం చేసేదంతా దాని కాపీ మీద చేసి, జనానికి ఇచ్చే ఎంపీ3 దాన్నుంచి తీసుకోండి. మాట మాత్రమే ఉన్నదైతే 64 కేబీపీఎస్ మోనో చాలు, గంటకి 29 ఎంబీ, ఫోన్లో హాయిగా పడుతుంది.

ఫైలు పేరుగా యాక్సెషన్ నంబరు (లైబ్రరీ రిజిస్టరులో దానికిచ్చిన నంబరు), వైపు, ఇవి రెండే పెట్టండి. పేరు, వక్త, తేదీ, చోటు, ఎవరిచ్చారు, ఎవరెప్పుడు ఎక్కించారు, ఎక్కడ ధ్వని పోయింది, ఇవన్నీ ఒక స్ప్రెడ్‌షీటులో, యూనికోడ్ తెలుగులో రాయండి. పాత డీటీపీ ఫాంట్లలో రాస్తే రేపు వెతకడానికి పనికిరాదు. మీ లైబ్రరీలో కోహానో ఇ-గ్రంథాలయనో, అలాంటి కేటలాగు సాఫ్ట్‌వేరు నడుస్తుంటే ఆ షీటుని తర్వాత అందులోకి ఎక్కించుకోవచ్చు. ఆడియోకి విడిగా ఒక కేటలాగు మాత్రం పెట్టకండి. గురజాడ మీద పుస్తకం వెతికినవాళ్లకి గురజాడ మీద ఉపన్యాసం కూడా అక్కడే కనపడాలి, లేకపోతే బీరువాలోంచి తీసి ఇంకో బీరువాలో పెట్టినట్టే.

చట్టం ఎంతవరకు ఒప్పుకుంటుంది

ఇక్కడ అందరికీ టెన్షన్, కానీ అనుకున్నంత లేదు. కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో, 2012 సవరణ తర్వాత, లాభాపేక్ష లేని పబ్లిక్ లైబ్రరీ తన దగ్గర డిజిటల్ కాని కాపీ ఉన్న దాన్ని భద్రపరచడం కోసం ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకోవచ్చని ఉంది. అంటే ఎక్కించుకోవడానికి అడ్డు లేదు. కాకపోతే ఆ వెసులుబాటు మన దగ్గర అసలు కాపీ ఉండటం మీద ఆధారపడింది, అందుకని ఎక్కించేశాం కదా అని క్యాసెట్లని కిలోల లెక్కన అమ్మేయకండి. ఎలాగూ రిజిస్టరులో ఉన్న వస్తువుని స్టాకు వెరిఫికేషన్, పైవాళ్ల అనుమతి లేకుండా తీసెయ్యడానికి లేదు.

భద్రపరచడం వేరు, యూట్యూబులో పెట్టడం వేరు. సౌండ్ రికార్డింగు హక్కు విడుదలైన మరుసటి ఏడాది మొదలు నుంచి 60 ఏళ్లు ఉంటుంది. 1960లో వచ్చిన ప్లేటుకి 2020 డిసెంబరు 31తో అయిపోయింది. కానీ అది రికార్డింగు హక్కు మాత్రమే, పాట రాసినవారి హక్కు వారు పోయాక ఇంకా 60 ఏళ్లు నడుస్తుంది. కాబట్టి కంపెనీ రికార్డులు లైబ్రరీ లోపలే ఉండనివ్వండి. మన సభల రికార్డింగులకి వక్తనో, వారి పిల్లలనో కలిసి ఒక కాగితం మీద సంతకం తీసుకోండి. మేం వెళ్లిన ఇళ్లలో కాదన్నవాళ్లు లేరు. ఒకావిడైతే కాగితం పక్కన పెట్టేసి, "మా నాన్నగారి గొంతు ఉందా బాబూ మీ దగ్గర? ముందు అది వినిపించు, సంతకం ఎంతసేపు" అన్నారు. నేను మూడు నిమిషాలు చెరిపేసిన మాస్టారి కూతురే ఆవిడ. మిగిలిన నలభై నిమిషాలు పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇచ్చాను, మొదట్లో ఏమైందో కూడా చెప్పాను.

ఎవరు వింటారు

సినిమా పాటల కోసం ఎవరూ లైబ్రరీకి రారు, ఆ రోజులు పోయాయి. కొత్త సీడీలు కొనడం మానెయ్యండి. ఆడియో పుస్తకాల యాప్‌కి లైబ్రేరియన్ గారి సొంత ఫోన్లో చందా కట్టి దాన్నే పదిమందికి తిప్పడం కూడా వద్దు, ఆ చందాలు ఒక మనిషి కోసం ఇచ్చేవి.

ఆడియో నిజంగా కావాల్సింది చూపు లేనివాళ్లకి. మా దగ్గరికి గ్రూప్స్‌కి చదువుతున్న ఒక అబ్బాయి వచ్చేవాడు, వాళ్ల చెల్లెలు పుస్తకం చదివి వినిపిస్తుంటే ఫోన్లో రికార్డ్ చేసుకునేవాడు. అదే పని లైబ్రరీ చెయ్యొచ్చు. అదే 52వ సెక్షన్‌లో, వికలాంగులు చదువుకోగలిగే రూపంలోకి పుస్తకాన్ని మార్చి, ఖర్చు మించి తీసుకోకుండా వాళ్లకి ఇవ్వొచ్చని ఉంది, అది బయటి వ్యాపారంలోకి పోకుండా మాత్రం జాగ్రత్త పడాలి. ముందు చూపు లేనివాళ్ల కోసం 2016లో మొదలైన ఆన్‌లైన్ లైబ్రరీ సుగమ్య పుస్తకాలయలో వెతకండి, కావాల్సిన పుస్తకం అక్కడ దొరికితే మళ్లీ చదివే శ్రమ తప్పుతుంది.

దొరకనివి చదివించడానికి మంచి గొంతున్న రిటైర్డ్ టీచర్లు మీ పేపర్ల గదిలోనే కూర్చుని ఉంటారు, అడగండి. స్టూడియో అక్కర్లేదు, పుస్తకాల అరల మధ్య సందు చాలు, పుస్తకాలు ప్రతిధ్వనిని మింగేస్తాయి. ఫ్యాను ఆపాలి. పేజీ నంబరు పైకి చదవాలి, పట్టికలు వస్తే ముందు ఎన్ని గళ్లో చెప్పి తర్వాత అడ్డంగా ఒక్కో వరసా చదవాలి. అధ్యాయానికి ఒక ఫైలు, అంతకన్నా పెద్దది వద్దు. నటించకుండా చదవమని చెప్పండి. పరీక్షకి చదివేవాళ్లు స్పీడు ఒకటిన్నర రెట్లు పెట్టుకుని వింటారు, భావం ఒలికిస్తే ఆ స్పీడులో అర్థం కాదు.

లైబ్రరీలో వినడానికైతే ఎవరో పక్కన పెట్టేసిన పాత ఆండ్రాయిడ్ ఫోను, అందులో వీఎల్‌సీ ప్లేయరు, ఒక మంచి హెడ్‌ఫోను చాలు. తెర మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఆన్ చేసి ఉంచండి. హెడ్‌ఫోను స్పాంజి తొడుగులు ఉతకడానికి వీలైనవి కొనండి, ఎండాకాలంలో ఎందుకో మీకే తెలుస్తుంది.

ఫైళ్లు ఎప్పుడూ మూడు చోట్ల ఉండాలి: లైబ్రరీ కంప్యూటర్లో ఒకటి, హార్డ్ డిస్కులో ఒకటి, ఇంకో హార్డ్ డిస్కు వేరే భవనంలో, జిల్లా కేంద్ర గ్రంథాలయంలో పెట్టుకోనిస్తే మరీ మంచిది. హార్డ్ డిస్కుని బీరువాలో పెట్టి మర్చిపోతే అది కూడా క్యాసెట్టే అవుతుంది. మేం నవంబరు 14న వారోత్సవాలు మొదలయ్యే రోజు పొద్దున్నే రెండు డిస్కులూ తెచ్చి కలిపి, కళ్లు మూసుకుని పది ఫైళ్లు ఎంచుకుని, ఒక్కోటి మధ్యలోంచి వింటాం. ఏదైనా పలక్కపోతే ఆ రోజే రెండో డిస్కులోంచి కాపీ చేసి, షీటులో తేదీ వేస్తాం.